నిలిచియున్న కారు ఏల కదలదు?

వేసవి సెలవులు రాగానే మన పాఠశాల విద్యార్థుల కుటుంబములలో పెక్కు రైలెక్కి తెలుగునాటనున్న బంధువుల యిండ్లకు పోవుట పరిపాటి. కారు ఇంటిముంగిట గుడ్డ కప్పుకొని నెల, నెలన్నర కదలక నిలిచియుండును. జూన్ మాసమున తిరిగివచ్చి తాళపుచెవి త్రిప్పగా అది మూగవోయియుండును. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి దేశమంతట రాకపోకలు స్తంభించినపుడు ఈ యనుభవము ఊరూర పలువురకు కలిగినది. కారు తిరుగుట వలననే అరిగి పాడగునని మనము తలంతుము. కాని పనిలేక నిలిచియుండుట వలనను దానికి కీడు కలుగును. ఆ కీడు ఎచ్చట, ఎట్లు కలుగునో, దానిని ఇంటివారే ఏ క్రమమున గుర్తింపవచ్చునో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఇట్టి సమయమున సామాన్యముగా జరుగునది యేమి? మొదట తాళపుచెవిని పదేపదే త్రిప్పుదురు. పిమ్మట ఇరుగుపొరుగువారిని పిలిచి కారును తోయింతురు. అప్పటికిని ఫలము లేనిచో ఎవరో ఒకరు "బ్యాటరీ పోయినది" అందురు. వేల రూపాయలు పెట్టి క్రొత్తది కొందురు. ఒక్కొక్కప్పుడు ఆ మాట నిజమే. కాని తీగకొనకు పట్టిన తుప్పే అసలు కారణమైనచో, క్రొత్త బ్యాటరీయు కొలది దినములలో అట్లే మొరాయించును. డబ్బు నష్టమొక్కటియే కాదు. అవసరము చెప్పి రాదు. అర్ధరాత్రమున ఇంటిలోని వృద్ధులను ఆసుపత్రికి చేర్పవలసివచ్చినపుడు, కారణము తెలియక విడిచిన దోషము ఎంతటి ఆపద తెచ్చునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

"జ్వరము వచ్చినది" అనినంతనే మంచి వైద్యుడు మందీయడు. ఎప్పుడు వచ్చినది, చలితో వచ్చినదా, దగ్గున్నదా అని అడుగును. "కారు స్టార్టు కాలేదు" అను మాటయు అట్టిదే. దాని క్రింద రెండు వేఱువేఱు రోగములున్నవి. ఇంజను అసలు తిరుగకుండుట ఒకటి. ఇంజను తిరుగుచున్నను అంటుకొనకుండుట రెండవది. ఈ రెంటిని మొదటనే వేఱుచేసినచో సగము పని ముగిసినట్లే. ఇందుకు పనిముట్టులు అక్కఱలేదు; చెవులు చాలును.

ఇంజను మేల్కొను విధము

పెట్రోలు ఇంజను తనంతట తాను మొదలుకాజాలదు. బయటి శక్తి యేదో ఒకటి దానిని కొన్ని చుట్లు త్రిప్పవలెను. పూర్వము కారు ముందుభాగమున ఇనుప హ్యాండిలును దూర్చి చేతితో త్రిప్పెడివారు. 1911వ సంవత్సరమున అమెరికా దేశీయుడగు చార్లెస్ కెటరింగ్ విద్యుత్తుచే ఆ పని చేయు మోటారును నిర్మించెను. 1912వ సంవత్సరపు కాడిలాక్ కార్లలో అది అమర్పబడెను. మన మెకానిక్కులు దానినే సెల్ఫు అందురు. సెల్ఫునకు బలమిచ్చునది బ్యాటరీ. సెల్ఫు ఇంజనును త్రిప్పగా, గాలియు పెట్రోలును కలిసి సిలిండరులోనికి పోవును. పిస్టను ఆ మిశ్రమమును అదుమును. స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వనిచ్చును. అపుడు ఇంజను అంటుకొని తన బలముతో తాను తిరుగును. డీజిలు ఇంజనునకు నిప్పురవ్వ అక్కఱలేదు. మిక్కిలిగా అదుమబడిన గాలి వేడికే డీజిలు మండును.

కావున క్రమమిది: మొదట బ్యాటరీ, పిదప సెల్ఫు, ఆపై ఇంధనము, గాలి, నిప్పురవ్వ. మన అన్వేషణయు ఈ క్రమముననే సాగవలెను.

చెవికి వినబడు సూచనలు

తాళపుచెవి త్రిప్పుటకు ముందు గేరు న్యూట్రలులో నున్నదో లేదో చూడవలెను. ఆటోమేటిక్ గేరు గల కారు 'పార్కు'నందో 'న్యూట్రలు'నందో లేనిచో సెల్ఫు తిరుగదు. కొన్ని కార్లలో క్లచ్చి పూర్తిగా అదిమినగాని తిరుగదు. ఇవి సరియైన పిమ్మట తాళపుచెవి త్రిప్పి వినుడు.

ఏ చప్పుడును లేక, డాష్‌బోర్డున దీపములును వెలుగనిచో, బ్యాటరీ పూర్తిగా ఖాళీయైనదనియో, దాని తీగ ఊడినదనియో గ్రహింపవలెను. దీపములు వెలుగుచు, టకటకటకమని వడివడిగా చప్పుడు వచ్చినచో, బ్యాటరీలో శక్తి తగ్గినది, లేదా తీగకొన బిగువు తప్పినది. ఇంజను మూలుగుచు బరువుగా ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగినను కారణమదియే. ఒక్కటే 'టక్' మని పలికి ఊరకున్నచో సెల్ఫునందో దాని తీగలయందో దోషముండవచ్చును. ఇంజను ఎప్పటివలె చుఱుకుగా తిరుగుచున్నను అంటుకొననిచో బ్యాటరీని నిందింపరాదు. దోషము మఱియొకచోట నున్నది.

సందేహమున్నచో ముందు పెద్ద దీపములను వెలిగించి తాళపుచెవి త్రిప్పవచ్చును. దీపములు బొత్తిగా మసకబారినచో బ్యాటరీయో, దాని తీగయో కారణమని అనుమానింపవలెను. దీపములు ఏమాత్రము తగ్గక, సెల్ఫు మాత్రము పలుకనిచో విద్యుత్తు సెల్ఫువఱకు చేరుటలేదని తెలియును. ఫ్యూజు, రిలే, తీగలు, సెల్ఫు చూడవలసినవి.

నిలిచియున్న కారున బ్యాటరీ ఏల ఖాళీయగును?

సీసపు పలకలను గంధకికామ్లమున ముంచి చేయు ఈ బ్యాటరీని 1859వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. కారు బ్యాటరీలో ఆఱు గదులుండును. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టుల నిచ్చును గనుక మొత్తము 12.6 వోల్టులగును.

కారు తాళము వేసినను అది పూర్తిగా నిద్రింపదు. గడియారము, దొంగల నుండి కాపాడు అలారము, దూరమునుండి తాళము తీయు సాధనము, ఇంజనును నడపు చిన్న కంప్యూటరు కొంచెము కొంచెముగా విద్యుత్తును త్రాగుచునే యుండును. ఇది 40 మిల్లీ ఆంపియర్లని అనుకొందము. 24 గంటలలో ఖర్చు సుమారు 1 ఆంపియరు-గంట. చిన్న కార్లలో పెక్కింటికి 35 ఆంపియరు-గంటల బ్యాటరీ యుండును. నెల గడచునప్పటికి 29 తఱిగి 6 మాత్రమే మిగులును. దీనికి తోడు బ్యాటరీ తనంతట తానును కొంత శక్తిని కోల్పోవును. ఎండ హెచ్చిన కొలది ఆ నష్టమును హెచ్చును. మే మాసమున 40 డిగ్రీలు దాటు సోలాపురము వంటి యూళ్లలో ఈ విషయము గమనింపదగినది. ఇదంతయు ఏ దోషమును లేని కారున జరుగునది. వెనుకడిక్కిలో చిన్న దీపము ఆర్పుట మఱచినచో నెల అక్కఱలేదు. మూడు నాలుగు దినములే చాలును.

ఖాళీయైన బ్యాటరీని అట్లే విడిచిన మఱియొక కీడు కలదు. శక్తి తఱుగునపుడు సీసపు పలకలపై సీసపు సల్ఫేటు ఏర్పడును. వెంటనే చార్జి చేసినచో అది మరల కరగును. వారములకొలది విడిచినచో గట్టిపడి పలకలను కప్పివేయును. అంతట ఎంత చార్జి చేసినను బ్యాటరీ పూర్వపు బలమును పొందదు.

దీపము వెలుగుట ప్రమాణము కాదు

"దీపములు వెలుగుచున్నవి, హారను మ్రోగుచున్నది, బ్యాటరీ బాగుగనే యున్నది" అని పలువురు చెప్పుదురు. ఈ తలంపు సరికాదు. ఉన్నత తరగతులలో మన పిల్లలు చదువు ఓమ్ నియమమే ఇచ్చట సమాధానము చెప్పును.

బ్యాటరీ కొనల వద్ద తెల్లగనో పచ్చగనో పేరుకొను పొడి విద్యుత్తునకు నిరోధము కలిగించును. ఆ నిరోధము 0.05 ఓములనుకొందము. లోపలి చిన్న దీపమునకు కావలసినది అర ఆంపియరు. అచ్చట నష్టమగునది 0.5ను 0.05చే గుణింపగా వచ్చు 0.025 వోల్టు మాత్రమే. దీపము చక్కగా వెలుగును. సెల్ఫునకో, 150 ఆంపియర్ల వఱకు కావలెను. అంత ప్రవాహము సాగవలెనన్నచో 7.5 వోల్టులు ఆ తుప్పునందే నష్టము కావలెను. 12 వోల్టులలో అంత పోయినచో సెల్ఫు ఎట్లు తిరుగును? బిందెడు నీరు తెచ్చుటకు సందు చాలును, ఏనుగు పోవుటకు చాలునా?

కావున క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు కొనలను శుభ్రపఱచవలెను. తీగలను ఊడదీయునపుడు మొదట ఋణ కొనను, అనగా నల్లని తీగను తీయవలెను. తిరిగి బిగించునపుడు దానిని చివర బిగింపవలెను. ఈ క్రమము తప్పినచో పానా ఒకవైపు ధన కొనకు, మఱియొకవైపు కారు ఇనుమునకు తగిలి పెద్ద నిప్పురవ్వలు లేచును. వంటసోడా కలిపిన నీటిని పాత బ్రష్షుతో రుద్ది, ఆ నీరు బ్యాటరీ గదులలోనికి పోకుండ చూచి, పొడిగా తుడిచి, గట్టిగా బిగించి, పైన కొంచెము వాజలీను పూయవలెను.

ఇంటిలో వోల్టు మీటరు ఉన్నచో నిర్ణయము సులభము. కారు కొన్ని గంటలు కదలకుండ నున్న పిమ్మట కొలిచిన 12.6 వోల్టులు పూర్తి చార్జి, 12.4 సుమారు మూడు పాళ్లు, 12.2 సగము, 12.0 పావు భాగము. సెల్ఫు త్రిప్పుచున్నపుడు అంకె 9.6 కంటె దిగజారినచో బ్యాటరీ బలహీనమైనది. ఇంజను నడచునపుడు సాధారణముగా 13.8 మొదలు 14.5 వఱకు చూపవలెను. చూపనిచో చార్జి చేయు ఆల్టర్నేటరును పరీక్షింపవలెను. పూర్తిగా చార్జి చేసినను మఱునాటికే దిగజారుచు, నాలుగేండ్లు దాటిన బ్యాటరీయైనచో, అపుడు మార్చుటయే మేలు. అపుడైనను కారణము తెలిసి మార్చినవార మగుదుము.

ఇంజను తిరిగియు అంటుకొననిచో

మొదట పెట్రోలు ముల్లు చూడవలెను. నవ్వదగిన మాటయైనను ఖాళీ ట్యాంకుతో కుస్తీపట్టువారు లేకపోలేదు. పిమ్మట తాళపుచెవిని సెల్ఫు వఱకు పోనీయక, దీపములు వెలుగు స్థానమున నిలిపి వినుడు. నేటి కార్లలో పెక్కింట వెనుక సీటువైపునుండి ఒకటి రెండు సెకండ్లు సన్నని రొద వినబడును. అది ఇంధనపు పంపు. రొద లేనిచో దాని ఫ్యూజు, రిలే పరీక్షింపవలెను.

డాష్‌బోర్డున తాళపుచెవి బొమ్మ గల దీపము ఆగక మినుకుమినుకుమనుచున్నచో, కారు ఆ తాళపుచెవిని గుర్తింపలేదని యర్థము. రెండవ తాళపుచెవితో ప్రయత్నింపవచ్చును. మీట నొక్కి స్టార్టు చేయు కార్లలో, చేతిలోని సాధనపు చిన్న సెల్లు క్షీణించి యుండవచ్చును. పెక్కింట దానిని స్టార్టు మీటకు ఆనించి నొక్కినచో పని జరుగును.

పెట్రోలు వాసన గుప్పుమని వచ్చినచో ప్లగ్గులు తడిసినవని యూహింపవచ్చును. ఊరికి పోవుటకు ముందు కారును స్టార్టు చేసి, గేటునుండి నాలుగడుగులు లోపలికి జరిపి, వెంటనే ఆపుట ఇందుకొక కారణము. చల్లని ఇంజనునకు అధికముగా అందిన పెట్రోలు మండక నిలిచిపోవును. నేటి కార్లలో పెక్కింట యాక్సిలరేటరును పూర్తిగా అదిమిపట్టి సెల్ఫు త్రిప్పినచో పెట్రోలు ఆగి, గాలి మాత్రము పోయి ప్లగ్గులు ఆరును.

పెట్రోలు పాతబడుటయు కలదు. 2025వ సంవత్సరమున మన దేశపు పెట్రోలులో ఎథనాలు పాలు 20 శాతమునకు చేరినది. ఎథనాలునకు తేమను పీల్చు గుణమున్నది. నీరు మితిమీరినచో అది పెట్రోలునుండి వేఱుపడి అడుగున చేరును. నెలదినములకు భయము లేదు. ఆఱు నెలలు నిలిచిన కారున ఈ శంక తగినదే.

మఱియొక శత్రువు ఎలుక. బానెట్టు క్రింద చీకటి, నిశ్శబ్దము దొరకినచో అది కాపురము పెట్టును, తీగలను కొఱుకును, గాలి వడపోయు పెట్టెలో గడ్డియు గుడ్డపేలికలును చేర్చును. కావున చాలదినములు నిలిచిన కారును స్టార్టు చేయుటకు ముందే బానెట్టు ఎత్తి చూడవలెను. పిల్లి పిల్లలు పండుకొని యుండుటయు అరుదు కాదు.

చేయదగనివి

సెల్ఫును ఒకసారికి 10 సెకండ్లకు మించి త్రిప్పరాదు. నడుమ అర నిమిషమైన విరామమీయవలెను. ఆటోమేటిక్ కారును తోసి స్టార్టు చేయ ప్రయత్నింపరాదు. మూసిన షెడ్డులో ఇంజనును నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు రంగును వాసనయు లేని విషవాయువు. 2015వ సంవత్సరము డిసెంబరున చెన్నపట్టణమున సంభవించినట్టి వరదలో కారు మునిగియున్నచో సెల్ఫును తాకనేరాదు. గాలివలె నీరు అదుమబడదు. సిలిండరులో నీరు చేరినపుడు ఇంజను త్రిప్పినచో లోపలి కడ్డీలు వంగిపోవును. అట్టి కారును ఈడ్పించి మెకానిక్కు కడకు చేర్చుటయే కర్తవ్యము.

ఇరుగుపొరుగు కారునుండి శక్తి తీసికొనునపుడు రెండు కార్లును ఒండొంటికి తగులరాదు. రెండును 12 వోల్టులవి కావలెను. ఎఱ్ఱతీగను మొదట మన బ్యాటరీ ధన కొనకు, పిదప వారి ధన కొనకు తగిలింపవలెను. నల్లతీగను మొదట వారి ఋణ కొనకు, చివరకు మన కారు ఇంజనునందలి రంగులేని ఇనుమునకు, బ్యాటరీకి దూరముగా తగిలింపవలెను. బ్యాటరీ కడ హైడ్రోజను వాయువు చేరియుండును. చివరి రవ్వ అచ్చట లేవకుండుటకే ఈ జాగ్రత్త. తీయునపుడు వచ్చిన క్రమమునకు వ్యతిరేకముగా తీయవలెను. బీడీ, సిగరెట్టు దరిచేరనీయరాదు. కారు కదలిన పిమ్మట అరగంటకు తక్కువ కాకుండ నడుపవలెను. ఖాళీయైన బ్యాటరీ అంతమాత్రమున నిండదు గనుక చార్జరుతో పూర్తిగా నింపించుట ఉత్తమము.

ముందు జాగ్రత్త

వారమునకో పదిదినములకో ఒకసారి అరగంట నడిపించు నమ్మకస్థుడున్నచో చాలును. ఇంటిముంగిటనే అయిదు నిమిషములు స్టార్టు చేసి ఆపుట వలన మేలు కంటె కీడే యెక్కువ. సెల్ఫు తీసికొన్న శక్తి తిరిగి చేరదు, పొగగొట్టమున నీరు నిలుచును. నడుపువారు లేనిచో, తలుపులు మూయుటకు ముందు తాళపుచెవి చేతనున్నదని నిశ్చయించుకొని, బ్యాటరీ ఋణ కొనను ఊడదీసి పోవచ్చును. గడియారము, రేడియో మరల సరిచేసికొనవలసివచ్చును, అంతే. టైర్లలో గాలి సరిగా నింపవలెను. వర్షకాలమున హ్యాండుబ్రేకు తుప్పుపట్టి అంటుకొనును గనుక, చదునైన నేలపై మొదటి గేరులో నిలిపి, చక్రములకు ముందువెనుకల చెక్కదిమ్మలు పెట్టి, బ్రేకును విడిచిపోవుట మంచిది. విద్యుత్తుతో నడచు క్రొత్త కార్లలోను పెక్కింట 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేఱుగ నుండును. పెద్ద బ్యాటరీ నిండియున్నను ఇది క్షీణించినచో కారు మేల్కొనదు.

తల్లిదండ్రులకు మాదొక మనవి. బ్యాటరీ కొన్న తేదీ, వారమునకొకసారి కొలిచిన వోల్టులు, నడిపిన దూరము ఒక పుస్తకమున వ్రాయు పనిని ఇంటిలోని పెద్దపిల్లలకు ఒప్పగింపుడు. కొలుచునపుడు మాత్రము పెద్దలు దగ్గఱనుండవలెను. తెలుగున చదివిన శాస్త్రము యంత్రముల కడ కొఱగాదను సంశయము మనలో కొందఱకు కలదు. నిరోధము, ప్రవాహము, చార్జి అను మాటలను మన బాలుడు తరగతిలో తెలుగుననే నేర్చుచున్నాడు. మెకానిక్కుతో మరాఠీలో మాటలాడినను, కన్నడమున మాటలాడినను, ఒరియాలో మాటలాడినను, ఆ విషయము అతనికి తెలిసిన విషయమే. "క్రొత్త బ్యాటరీ వేయుదునా?" అని మెకానిక్కు అడిగినపుడు, "మొదట కొనలు శుభ్రముచేసి వోల్టులు కొలిచి చూడుడు" అని మీ బిడ్డ చెప్పగలిగిననాడు, మేము నల్లబల్లపై వ్రాసిన పాఠము మీ యింటికి చేరినదని సంతసింతుము.